ముందు గది చూడండి, తర్వాతే ఊరు

మా అమ్మాయి ఎరాస్మస్ మీద, అంటే ఇక్కడ జర్మనీలో చదువుతూనే కొన్నాళ్ళు యూరప్‌లో ఇంకో దేశపు యూనివర్సిటీలో చదివే పథకం మీద, ఏడాది పాటు బయట చదివి వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఫోన్లే ఫోన్లు. ఆఖెన్ నుంచి, డార్మ్‌స్టాట్ నుంచి, మొన్నయితే మ్యూనిక్‌లో ఉండే మా పిన్ని కూతురు కూడా చేసింది. అందరూ అడిగేది ఒకటే, "అక్కా, ఏ ఊరు చవక?" తెలిసినంతవరకూ చెబుతూనే ఉన్నాను కానీ ఒక్కొక్కరికీ గంటసేపు ఫోన్లో చెప్పేకంటే మన పత్రికలో రాస్తే పదిమందికీ పనికొస్తుందనిపించింది.

ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, యూరప్ మ్యాప్ ముందు పెట్టుకుని మనకి నచ్చిన ఊరు ఎంచుకునే అవకాశం లేదు. పిల్లలు చదివే డిపార్ట్‌మెంట్‌కి ఏయే యూనివర్సిటీలతో ఒప్పందం ఉందో ఆ లిస్టులోంచే ఎంచుకోవాలి. మా అమ్మాయిది బయాలజీ. వాళ్ళ లిస్టులో మేం సీరియస్‌గా చూసినవి నాలుగు, బార్సిలోనా, లిస్బన్, గ్రనాడా, బ్ర్నో. బార్సిలోనా అయితే ఫ్లైట్లు దండిగా ఉంటాయి, మనవాళ్ళు కూడా ఉంటారు అన్నారు మా ఆయన. నేను లిస్బన్ అన్నాను, ఎండ ఉంటుంది, విశాఖలాగా కొండలూ సముద్రమూ పక్కపక్కనే ఉంటాయి, పైగా ఖర్చుల లిస్టులు చూస్తే జర్మనీ కంటే తక్కువే అనిపించింది. బ్ర్నో ఎక్కడుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

సరే, లిస్బన్ అనుకుని గదులు వెతకడం మొదలుపెట్టాం. రోజూ రాత్రి భోజనాలయ్యాక అమ్మాయీ నేనూ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళం. మూడు వారాలు చూశాం. నెలకి 500 యూరోల లోపు ఉండదగ్గ గది ఒక్కటి కనపడలేదు, కనపడినవాటికి కిటికీ లేదు, కిటికీ ఉన్నవాటికి రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ముందే పంపమన్నారు. సరిగ్గా అదే వారంలో మాకు తెలిసిన వాళ్ళ అబ్బాయి వేరే ఊళ్ళో గది కోసం 900 యూరోలు పోగొట్టుకున్నాడు. ఓనరు ఊళ్ళో లేనన్నాడట, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌లో పంపిస్తానన్నాడట. తాళాలు రాలేదు, మనిషి దొరకలేదు, ఆ పిల్లవాడు మొదటి పది రోజులు యూత్ హాస్టల్లో సూట్‌కేసు కింద పెట్టుకుని పడుకున్నాడు. వాళ్ళమ్మ ఫోన్లో ఏడుస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ తర్వాతే నాకు విషయం అర్థమైంది. ఏ ఊళ్ళో పాలు ఎంత, బ్రెడ్డు ఎంత, బస్సు టికెట్టు ఎంత అని లెక్కలేసి ఊళ్ళకి ర్యాంకులిచ్చే లిస్టులు మన పిల్లలకి ఎందుకూ పనికిరావు. పాల ప్యాకెట్టు పావలా తక్కువైతే ఎంత, ఎక్కువైతే ఎంత! విద్యార్థి ఖర్చులో అన్నిటికంటే పెద్ద వాటా పోయేది గదికి. ఆ గది యూనివర్సిటీ హాస్టల్లో దొరికితే ఒక లెక్క, బయట వెతుక్కుంటే ఇంకో లెక్క. లిస్టులో ఖరీదైన ఊరని రాసినా హాస్టల్లో గది ఖాయమైతే ఆ ఊరు మనకి చవక. చవకైన ఊరని పేరున్నా గది బజార్లో వెతుక్కోవాల్సి వస్తే అది ఖరీదైన ఊరే. ఇది నేను గట్టిగా నమ్మే మాట. నెదర్లాండ్స్‌లో 2022లో కొన్ని యూనివర్సిటీలే స్వయంగా విదేశీ విద్యార్థులకి చెప్పాయి, ఇల్లు దొరక్కపోతే రావొద్దు అని. యూనివర్సిటీ అలా చెబుతోందంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో చూడండి.

కాబట్టి ఆ ఊరి యూనివర్సిటీలో బయటినుంచి వచ్చే విద్యార్థుల పని చూసే ఎక్స్చేంజి ఆఫీసుకి రాసే మొదటి మెయిల్లో అడగాల్సిన ప్రశ్న ఇది. బయటినుంచి వచ్చే విద్యార్థులకి హాస్టల్లో గది ఇస్తారా, ఇస్తే పోయినసారి అడిగినవాళ్ళలో ఎంతమందికి దొరికింది, దరఖాస్తు ఏ తేదీన తెరుస్తారు. జవాబు సూటిగా వస్తే ఆ ఊరిని లిస్టులో ఉంచండి. "ఇవిగో కొన్ని వెబ్‌సైట్లు, చూసుకోండి" అని వస్తే మాత్రం మళ్ళీ ఆలోచించండి.

మేం నాలుగు చోట్లకీ రాశాం. బ్ర్నో నుంచి మర్నాడే జవాబొచ్చింది, హాస్టల్ దరఖాస్తు ఏ రోజు ఏ టైముకి తెరుచుకుంటుందో కూడా రాశారు. అలా 2023 సెప్టెంబరులో మా పిల్ల బ్ర్నో వెళ్ళింది, చెక్ దేశంలో ప్రాగ్ తర్వాత రెండో పెద్ద ఊరు, మసరిక్ యూనివర్సిటీ అక్కడే ఉంది. ఇద్దరికి ఒక గది, నెలకి సుమారు 200 యూరోలు. తిండి, ప్రయాణాలు, ఫోను, అప్పుడప్పుడూ సినిమా అన్నీ కలిపి నెలకి 600 దాటలేదు. స్కాలర్‌షిప్ పోగా మేం పంపింది చాలా కొద్ది.

గది ఇంకొకరితో పంచుకోవాలా అని కొందరు తల్లిదండ్రులు ముఖం అదోలా పెడతారు. నేను అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల్లో ఒక్క గదిలో నలుగురం ఉన్నాం, ఇనప మంచాల మధ్య నడవడానికి కూడా చోటుండేది కాదు, ఆ నలుగురం ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం. మా అమ్మాయి రూమ్మేటు స్లోవాక్ అమ్మాయి. నవంబరులో మా పిల్లకి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. వీడియో కాల్లో ఆ వాడిపోయిన ముఖం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది, రాత్రికే రైలెక్కి వచ్చేస్తానన్నాను. అంతలో వెనక తలుపు తెరుచుకుంది, ఆ అమ్మాయి రెండు చేతులా గిన్నె పట్టుకుని వచ్చింది, పొగలు కక్కుతున్న వెల్లుల్లి సూపు. అక్కడ జలుబు చేస్తే అదే తాగుతారట, చెస్నెచ్కా అంటారు. అచ్చం మన వెల్లుల్లి చారు, చింతపండు లేదంతే. మా పిల్ల ఆ గిన్నె ఖాళీ చేసేదాకా ఆ అమ్మాయి మంచం పక్కనే కూర్చుంది. "అక్కడ మనవాళ్ళు ఎవరూ లేరు కదా" అని భయపడే తల్లులకి నేను చెప్పేది ఈ సంగతే.

తిండి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఫోన్లు చేసేవాళ్ళు గది తర్వాత అడిగేది దీని గురించే. యూనివర్సిటీ క్యాంటీన్‌ని మెంజా అంటారు, మధ్యాహ్నం భోజనం బయట హోటల్ కంటే చాలా తక్కువకి వస్తుంది. మాంసం తిననివాళ్ళకి వేయించిన చీజ్, బంగాళాదుంపలు, సూపు ఉంటాయి, కానీ వారంలో మూడు రోజులు అదే తింటే ఎవరికైనా మొహం మొత్తుతుంది. కాబట్టి వండుకోవడం వచ్చి ఉండాలి. ఫ్లోర్ మొత్తానికి ఒక వంటగది, రెండు హాట్‌ప్లేట్లు. మొదటిరోజు కుక్కర్ విజిల్ వెయ్యగానే కారిడార్లో నాలుగు తలుపులు తెరుచుకున్నాయట, తర్వాత్తర్వాత ఆ విజిల్ వినపడితే ప్లేట్లు పట్టుకుని వచ్చేవాళ్ళట పప్పు కోసం. సరుకులు ఎక్కడ అంటారా, చెక్ దేశంలో వియత్నాం వాళ్ళు చాలామంది ఎప్పట్నుంచో స్థిరపడ్డారు, వీధి చివర కిరాణా కొట్లు చాలావరకు వాళ్ళవే. బ్ర్నోలో ఒలొమోత్స్కా వీధిలో వాళ్ళ మార్కెట్టే ఉంది. కొత్తిమీర కట్టలు, సన్న పచ్చిమిరపకాయలు, అల్లం, పది కిలోల బియ్యం సంచులు, అన్నీ దొరికాయి. కందిపప్పు, చింతపండు మాత్రం ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళింది. మన సరుకులకి మన కొట్టే ఉండాలని లేదు, అన్నం తినే జనం ఎక్కడుంటే అక్కడ మన పని గడుస్తుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు తోచదు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళందరికీ బఠాణీ మొక్కల మెండెల్ గుర్తుంటాడు కదా, ఆయన ఆ మొక్కలు పెంచిన మఠం ఈ బ్ర్నోలోనే ఉంది, 1865లో ఆ ప్రయోగాల గురించి ఆయన మొదట చెప్పింది కూడా ఈ ఊళ్ళోనే. పొడుగు మొక్కలూ పొట్టి మొక్కలూ మూడుకి ఒకటి నిష్పత్తి అని బట్టీ పట్టిన నేను, మార్చిలో అమ్మాయిని చూడ్డానికి వెళ్ళి ఆ తోట ముందు నిలబడితే ఒళ్ళు పులకరించింది. అదే రోజు చర్చి గంటలు పదకొండింటికే మధ్యాహ్నం గంటలు కొట్టడం విన్నాను. 1645లో స్వీడన్ సైన్యం ఊరిని ముట్టడించినప్పుడు, మధ్యాహ్నంలోగా ఊరు చిక్కకపోతే వెళ్ళిపోతామన్నారని ఊరివాళ్ళు గంట ముందే కొట్టేశారని కథ, ఈనాటికీ అలాగే కొడుతున్నారు. పేరున్న ఊళ్ళకే వెళ్ళాలనుకుని ఉంటే మా పిల్లకి ఇవేవీ తెలిసేవి కావు.

అలాగని అందరూ బ్ర్నోకే వెళ్ళమని కాదు. మా స్నేహితురాలి కూతురు గ్రనాడా వెళ్ళింది, స్పెయిన్‌లో గదులు కాస్త అందుబాటులో ఉండే విద్యార్థుల ఊరు, ఏ డ్రింకు కొన్నా పక్కన చిన్న ప్లేటులో తినడానికి ఏదో ఒకటి ఉచితంగా పెడతారు. కానీ స్పెయిన్ అంటే ఎండే అనుకుని స్వెటర్లు తీసుకెళ్ళలేదు పాపం. ఊరు కొండల పక్కన 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఆ పిల్ల తీసుకున్న ఫ్లాటులో హీటింగు లేదు, జనవరిలో రెండు దుప్పట్లు కప్పుకుని చదువుకుంది. దానికంటే పెద్ద ఇబ్బంది, క్లాసులు చాలావరకు స్పానిష్‌లో. రెండు పేపర్లు పోయాయి, ఇక్కడికొచ్చాక ఇంకో సెమిస్టరు ఎక్కువ చదవాల్సి వచ్చింది. ఆ ఆరు నెలల ఖర్చు కలిపి చూడండి, ఇంక అది చవకెక్కడ? కోర్సులు ఏ భాషలో ఉన్నాయి, వాటి క్రెడిట్లు మన యూనివర్సిటీ ఒప్పుకుంటుందా అన్నది లెర్నింగ్ అగ్రిమెంట్ (అక్కడ చదివే కోర్సులు ఇవీ అని రెండు యూనివర్సిటీలూ ఒప్పుకునే కాగితం) మీద సంతకాలు అయ్యేలోపే తేల్చుకోవాలి.

పోలండ్‌లో వ్రొత్స్‌వాఫ్ కూడా మంచి ఊరు, అక్కడ 26 ఏళ్ళ లోపు విద్యార్థులకి రైలు టికెట్టులో 51 శాతం తగ్గింపు ఉంది. స్లొవేనియాలో లుబ్లియానా వెళ్తే హోటళ్ళలో విద్యార్థుల భోజనానికి ప్రభుత్వం కొంత కడుతుంది, బయటినుంచి ఎక్స్చేంజి మీద వచ్చినవాళ్ళకి కూడా. హంగరీ అయితే జాగ్రత్త, 2022 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ తీసుకున్న నిర్ణయం వల్ల అక్కడ ట్రస్టుల కింద నడిచే యూనివర్సిటీలకి కొత్త ఎరాస్మస్ నిధులు ఆగిపోయాయి, మీ పిల్లల లిస్టులో ఉన్నది ఏ కోవలోకి వస్తుందో కనుక్కోండి.

డబ్బు సంగతి. ఎరాస్మస్‌లో అక్కడి యూనివర్సిటీకి ఫీజు కట్టక్కర్లేదు, ఆ పైన నెలనెలా కొంత ఇస్తారు. దేశాల్ని ఖర్చుని బట్టి మూడు గ్రూపులు చేశారు, ఖరీదైన దేశానికి వెళ్తే కాస్త ఎక్కువ. ఆ కాస్త చూసి ఆశపడొద్దు, కోపెన్‌హాగెన్‌లాంటి చోట అద్దెకి అది ఏ మూలకీ చాలదు. ఆ డబ్బు కూడా వెళ్ళిన మొదటిరోజే చేతికి వస్తుందనుకోవద్దు, మాకు నెలన్నర పట్టింది, రెండు నెలల ఖర్చు దగ్గర పెట్టుకుని పంపండి. జర్మనీలో ఉన్న గది ఖాళీగా పెట్టి రెండు చోట్లా అద్దె కడుతున్నవాళ్ళని చూశాను, ఓనర్‌ని అడిగి ఆ ఏడాదికి ఇంకొకరికి అద్దెకిస్తే సరిపోతుంది. ఇక్కడ బాఫెగ్, అంటే చదువుకి జర్మన్ ప్రభుత్వం ఇచ్చే సాయం, రానివాళ్ళకి కూడా విదేశీ బాఫెగ్ రావచ్చు, దాని ఆఫీసు వేరు, లెక్క వేరు, ఒక్కసారి అడిగి చూడండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్న పిల్లలు ఇంకో విషయం ముందే చూసుకోవాలి. ఇక్కడ స్టూడెంట్ పర్మిట్ ఉండి ఎరాస్మస్ మీద వెళ్ళేవాళ్ళు ఇంకో యూరోపియన్ యూనియన్ దేశంలో 360 రోజుల దాకా చదువుకోవచ్చు, 2016 నాటి యూనియన్ చట్టంలో (డైరెక్టివ్ అంటారు) ఆ వీలుంది, ఐర్లాండ్, డెన్మార్క్ మాత్రం అందులో లేవు. తల్లిదండ్రుల పర్మిట్ మీద ఉన్నవాళ్ళకి ఇది వర్తించదు, వాళ్ళు వీసా సంగతి విడిగా కనుక్కోవాలి. ఆరు నెలలకి మించి జర్మనీ బయట ఉంటే చాలా పర్మిట్లు రద్దయిపోతాయి, బయల్దేరే ముందే విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసు, ఆస్‌లెండర్‌బెహోర్డెకి వెళ్ళి ఆ ఆరు నెలల గడువు పెంచుతున్నట్టు కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద వెళ్ళొద్దు, దయచేసి.

వచ్చే ఏడాదికి దరఖాస్తులు చాలా యూనివర్సిటీల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో తీసుకుంటారు. మన అసోసియేషన్ సంక్రాంతి సంబరాలు సరిగ్గా ఆ మధ్యలోనే వస్తాయి కాబట్టి కమిటీవాళ్ళని ఒక బల్ల అడిగాను, సరేనన్నారు. ముగ్గుల పోటీ జరిగే హాలు పక్కన, మధ్యాహ్నం రెండింటి నుంచి, నేనూ మా అమ్మాయీ ఉంటాం, గ్రనాడా వెళ్ళొచ్చిన పిల్ల కూడా వస్తానంది. హాస్టల్‌కి రాసిన మెయిళ్ళు, నెలవారీ ఖర్చు రాసుకున్న నోటుబుక్కు తెస్తున్నాం. మీ పిల్లల డిపార్ట్‌మెంట్ లిస్టు ప్రింటు తీసుకుని వాళ్ళని వెంటబెట్టుకుని రండి, ఒక్కో ఊరూ కూర్చుని చూద్దాం.