బడి పేరులో ఉన్న పరిషత్ బడిలో ఏదీ?

కనిగిరి నుంచి పామూరు వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక ఊరు. పేరు ఎందుకులెండి, టీచరమ్మకు లేనిపోని తలనొప్పి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. గోడలకు రంగులు బాగున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టైల్స్ వేసిన బాత్రూంలో నీళ్లు కూడా వస్తున్నాయి. ఐదు తరగతులకూ కలిపి పిల్లలు 14 మంది. టీచరమ్మ ఒక్కరే. నల్లబల్లను సుద్దగీతలతో మూడు గళ్లు చేసి, ఒకదానిలో గుణింతాలు, ఒకదానిలో ఎక్కాలు, మూడోదానిలో భాగహారాలు రాసి పెట్టింది. నేను కూర్చున్న గంటన్నరలో ఆమె ఫోన్ చేతిలోకి తీసుకోవడం నాలుగుసార్లు చూశాను. హాజరుకు ఒకసారి, అన్నం గిన్నె ఫొటోకు ఒకసారి, మిగతా రెండుసార్లు ఆఫీసు నుంచి అర్జెంటుగా ఏదో లెక్క కావాలని.

మూడో తరగతి కుర్రాడిని తెలుగు పాఠం చదవమన్నాను. గడగడా అందుకున్నాడు. మొదట ముచ్చటేసింది. తీరా వంగి చూస్తే నోరు మూడో లైనులో ఉంది, వేలు ఐదో లైను మీద నడుస్తోంది. ఆపి, మధ్యలో ఒక మాట చూపించి ఇదేంట్రా అంటే, నా మొహంలోకి ఒకసారి చూసి మళ్లీ పాఠం మొదటి నుంచి మొదలుపెట్టాడు. వాడు ఆ పాఠాన్ని పక్కవాళ్లు చదువుతుంటే విని నేర్చుకున్నాడు. చెవి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అక్షరం మాత్రం రాలేదు.

ఇలాంటి పిల్లలు కనిగిరిలోనే ఉన్నారనుకోకండి. పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతికి వచ్చిన పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతం.

ఆ కుర్రాడి పేరు చెప్పి ఈ ఆరేడేళ్లలో మన దగ్గర జరగనిదంటూ లేదు. 2019 నవంబర్ 14న బడుల భవనాలు బాగుచేసే నాడు-నేడు మొదలైంది మన ఒంగోలులోనే. ఇంగ్లీషు మీడియం జీవో, దాని మీద హైకోర్టు తీర్పు, ట్యాబులు, 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు పంపిన 117 జీవో, 2025లో దాని రద్దు, 16,347 టీచరు పోస్టుల మెగా డీఎస్సీ, తల్లికి వందనం. వీటిలో ఏది ఎవరి గొప్ప అన్న తగువు టీవీ వాళ్లకు వదిలేద్దాం. నాకు కావలసింది ఒక్కటే. నల్లబల్ల మీది ఆ సుద్దగీతలను ఇవేవీ చెరపలేదు.

ఆ ఊరికి రోజూ పొద్దున ఏడింటికి పసుపుపచ్చ బస్సు వస్తుంది. ప్రైవేటు బడికి పిల్లను పంపుతున్న ఒక తల్లిని అడిగాను, ఇంగ్లీషు కోసమా అని. ఆమె బేల్దారి పనికి హైదరాబాద్ పోయి వచ్చిన మనిషి, లెక్క బాగా తెలుసు. “ఇంగ్లీషుదేముంది సార్, యాడైనా ఒకటే. ఆడ క్లాసుకొక టీచరుంటది. ఈడ ఒకామే అందరికీ ఎట్టా చెప్తది?” అంది. విద్యా సంస్కరణల మీద నేను చదివిన నివేదికల్లో ఇంత సూటి మాట లేదు. ఆ ప్రైవేటు టీచరు మన ఎస్‌జీటీ, అంటే సర్కారు ప్రాథమిక బడి టీచరు కంటే చదువులో తక్కువే, జీతంలో మరీ తక్కువ. అయినా ఆ గదిలో రోజంతా ఆ పిల్లలతోనే ఉంటుంది. తల్లిదండ్రులు డబ్బు పోసి కొంటున్నది దాన్నే.

నిజానికి ఇది చట్టంలో ఉన్నదే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం, 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని షెడ్యూల్‌లోనే రాసింది. మన జీవోలేమో పిల్లలు బాగా తగ్గితే ఒక్కరు చాలంటాయి. ఒక్కరున్న బడికి పిల్లలు రారు, రాలేదు గనక రెండో టీచరును ఇవ్వరు. ఆ ఒక్కరూ సెలవు పెడితే బడికి తాళమే, లేదా పక్క ఊరి నుంచి డిప్యుటేషన్.

డబ్బు లేదంటారా? తల్లికి వందనం కింద బిడ్డకు 15,000. అందులో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. 14 మందికి లెక్క వేయండి, 2,10,000 అవుతుంది. పన్నెండు నెలలకు పంచితే నెలకు 17,500. అదే ఊళ్లో డిగ్రీ, డీఎడ్ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయికి ఆ జీతమిచ్చి ఒకటి, రెండు తరగతులు అప్పగిస్తే కాదంటుందా? తల్లుల డబ్బు లాక్కోమని నేను అనడం లేదు, ఆ మాట అంటే మా ఇంట్లోనే నాకు అన్నం పుట్టదు. ఒక్కో బిడ్డ పేరిట ఇప్పటికే ఎంత ఖర్చవుతోందో చూడమంటున్నాను. పసుపు బస్సు ఎక్కే పిల్లల తల్లులకూ ఆ 13,000 పడుతుంది, అటు నుంచి అటే ఫీజు కౌంటరుకు పోతుంది. సర్కారు డబ్బుతో సర్కారు బడి ఖాళీ కావడమంటే ఇదే.

మరి ఆ అమ్మాయిని ఎవరు పెట్టుకోవాలి? నా అసలు గొడవ ఇక్కడే. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. బోర్డు మీద పరిషత్ ఉంది, బడిలో పరిషత్ ఎక్కడుంది? రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా విద్య అందులో పదిహేడోది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఒక సర్పంచ్‌ను బడి గురించి అడిగితే, “మా చేతిలో ఏముందండీ, ఆగస్టు పదిహేనుకు పిలుస్తారు, పోయి జెండా ఎగరేసి చాక్లెట్లు పంచి వస్తాం” అన్నాడు. 2022లో కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మారినా దాని జిల్లా పరిషత్ మాత్రం ఒంగోలులోనే ఉండిపోయింది. దానివల్ల బడులకు ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకు వస్తుంది, అక్కడ పరిషత్ చేసే పని ఏదైనా ఉంటే గదా!

సర్పంచ్‌ల చేతికి బడి ఇస్తే పార్టీ రాజకీయం చొరబడుతుంది, తమ మనుషుల్ని పెట్టుకుంటారు అంటారు. పెట్టుకోవచ్చు. ఇప్పుడు బదిలీల సిఫార్సు లేఖల్లో లేని రాజకీయమా అది? పైనుంచి చేసిన తప్పును ఊరు కనిపెట్టినా దిద్దలేదు. ఊళ్లో చేసిన తప్పుకు రచ్చబండ దగ్గరే తిట్లు పడతాయి. టీచర్ల నియామకాలు, అర్హతలు రాష్ట్రమే చూసుకోనీ. రెండో మనిషి, ఫోన్ పనులు చేసే మనిషి, వలస వెళ్లిన వాళ్ల పిల్లలను అవ్వల దగ్గర నుంచి బడికి తెచ్చే మనిషి, ఈ ముగ్గురినీ ఊరికి వదలమంటున్నాను. పిల్లలు తక్కువని బడి ఎత్తి పక్క ఊళ్లో కలిపేయాలన్నా, మధ్యలో వాగు ఉందో లేదో తెలిసింది ఆ ఊరికే.

ఊరికి అంత తెలివి ఉందా అనేవాళ్లు ఒకసారి కలిగిరి మండలం దూబగుంట దాకా పోయి రండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు, కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో పలకలు పట్టారు. చెప్పింది కూడా ఎక్కువగా ఊళ్లో వలంటీర్లే. అక్షరాలతో పాటు సారా సంగతి చర్చకు వచ్చింది, సారా దుకాణం మూతపడింది. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. నెలల్లో పెద్దవాళ్లకు చదవడం నేర్పించగలిగిన జిల్లా పక్కనే, మూడేళ్లు బడికొచ్చిన పిల్లవాడి వేలు ఇంకా వేరే లైను మీదే ఉంది.

పంచాయతీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మా వీధిలోకి వచ్చే అభ్యర్థులు సిమెంటు రోడ్డు, కాలువ, శ్మశానానికి ప్రహరీ, ఇవన్నీ చేస్తామంటారు. పోయినసారి ఒకాయన్ని ఆపి బడి సంగతేమిటి అని అడిగాను. ఆయన నిజంగానే తికమకపడ్డాడు. “అది ఎంఈఓ గారు చూసుకుంటారు కదండీ” అని మండల విద్యాధికారి మీదికి నెట్టేసి, పాంప్లెట్ చేతిలో పెట్టి పక్కింటికి వెళ్లాడు.