అటక మీది మూడు కిలోమీటర్ల టార్చిలైటు గారికి

మహారాజశ్రీ మూడు కిలోమీటర్ల టార్చిలైటు గారికి, కోనసీమలో ఏటిగట్టు పక్కనున్న ఒక ఊరి నుంచి మీ పూర్వ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. అటక మీద పగిలిన కూజాకూ తెగిన వలకూ మధ్య మీరు కూడా క్షేమమని తలుస్తాను.

మీరు మా ఇంటికి వచ్చిన సందర్భాన్ని ఒకసారి గుర్తు చేస్తాను. పన్నెండేళ్ల మా మేనల్లుడు సంక్రాంతి సెలవులకు వచ్చి, రాత్రిపూట తాతయ్యతో రొయ్యల చెరువు మీదికి వెళ్తానని, అందుకు తనకంటూ దూరం కొట్టే లైటు ఒకటి ఉండాలని పట్టుబట్టాడు. అంతకుముందు వాడికి ఫోను వెలుతురు తప్ప మరొకటి తెలియదు. నేనేమో మా నాన్నగారి మూడు సెల్లుల పాత లైటు దగ్గరే ఆగిపోయినవాణ్ణి. ఇలాంటి ఇద్దరు కలిసి సంతకు వెళ్తే ఎవరు దొరకాలో వారే, అంటే మీరే, దొరికారు. "ఆయ్, మూడు కిలోమీటర్లు కొట్టుద్దండి, కావాలంటే కొట్టి చూసుకోండి," అన్నాడు మిమ్మల్ని అమ్మినాయన, మిట్టమధ్యాహ్నం ఎండలో. 350 రూపాయలు ఇచ్చాం. మీటరుకు 12 పైసలు కూడా పడలేదని ఇంటిదాకా లెక్కలు వేసుకుంటూ వచ్చాం.

ఆ రాత్రి ఏటిగట్టు మీద మీ ప్రతాపం చూశాం. మీ మూతి దగ్గరి గాజును ముందుకు లాగగానే వెలుగు సన్నబడి, ఎదుటి కొబ్బరిచెట్టు మొవ్వులో చదరంగా ఒక పసుపు ముక్క ప్రత్యక్షమైంది. మా వాడు దాన్ని చూసి, "మావయ్యా, ఎవరో చెట్టెక్కి ఫోను చూసుకుంటున్నారు," అన్నాడు. అది మీ కడుపులోని ఎల్‌ఈడీ చిప్పు ఆకారమేనని, మీ గాజు దాన్ని తెర మీద బొమ్మ వేసినట్టు చెట్టు మీద వేస్తోందని నాకు తరవాత తెలిసింది. పదకొండో నిమిషంలో చెట్టు మీది ఫోను ఆరిపోయింది. మిగిలిన దారంతా నాన్నగారి మూడు సెల్లుల లైటే మమ్మల్ని ఇంటికి చేర్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కొబ్బరిచెట్లూ కరెంటు స్తంభాలూ ఒకదాని మీద ఒకటి కూలుతున్నప్పుడు మా ఇంట్లో వెలిగిన లైటు అదే. అది ఎంత దూరం కొడుతుందని ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

మీ మీది కోపంతోనే నేను కొంత చదువుకున్నాను. టార్చిలైట్ల గొప్పలు కొలవడానికి ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే అమెరికా ప్రమాణం ఒకటి 2009లో వచ్చిందట. వెలుగు తగ్గుతూ తగ్గుతూ పావు లక్సుకు దిగే చోటే ఆ టార్చి దూరమని దాని నిర్ణయం. లక్సంటే ఒక చోట పడే వెలుగుకు కొలత; పావు లక్సంటే ఇంచుమించు పున్నమి వెన్నెల. కాబట్టి నిజం చెప్పే టార్చి "300 మీటర్లు" అన్నదంటే, అంత దూరాన వెన్నెలపాటి వెలుగు పడుతుందని మాత్రమే అర్థం చేసుకోవాలి. మా గట్టు మీద వెన్నెట్లో 300 మీటర్ల అవతల నిలబడింది మనిషో, చేలో దిష్టిబొమ్మో తేల్చి చెప్పగలవారు మా ఊళ్లో లేరు. మూడు కిలోమీటర్ల అవతల మీరు నిజంగానే వెన్నెల కురిపించారనుకుందాం. దాన్ని చూడడానికి అక్కడికి ఎవరిని పంపాలి?

దూరాన్ని తేల్చేది లూమెన్లు కావు, క్యాండెలాలు. లైటు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత లూమెన్లు, ఒక వైపుకు దూసుకెళ్లే జోరుకు కొలత క్యాండెలాలు. మోటారు తోడే నీళ్లన్నీ లూమెన్లనుకుంటే, గొట్టం మూతిని బొటనవేలితో నొక్కిపట్టినప్పుడు చిమ్మే ధార జోరు క్యాండెలా. ఆ క్యాండెలాల వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే మీటర్లు వస్తాయి: 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు, 40,000 క్యాండెలాలకు 400 మీటర్లు. దూరం రెండింతలు కావాలంటే జోరు నాలుగింతలు కావాలన్నమాట. ఈ లెక్కన మూడు కిలోమీటర్ల బిరుదుకు మీ దగ్గర ఉండవలసినవి 22,50,000 క్యాండెలాలు. అంతటివారిని అంతర్వేది లైట్‌హౌసు మీద కూర్చోబెట్టక మా అటక మీద ఉంచినందుకు క్షమించాలి. మీ పెట్టెను ఆరు వైపులా తిప్పి చూశాను. క్యాండెలా అన్న మాట ఎక్కడా లేదు, ఒక గద్ద బొమ్మ ఉంది.

మీ సెల్లు సంగతి ఇంకా సొగసుగా ఉంది. దాని ఒంటి మీద 9900 ఎంఏహెచ్ అని, అంటే అంత కరెంటు దాచుకుంటానని, రాసి ఉంది. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కనుక 18650 అని పిలిచే ఆ కొలత సెల్లులో, పేరుమోసిన తయారీదారులు ఎంత కుక్కినా 3,500 ప్రాంతంలోనే ఆగిపోతున్నారు. మంచిదైతే 45 గ్రాముల ప్రాంతంలో తూగుతుందని తెలిసి, మా కంసాలి గారి త్రాసులో వేయించాను. మీది 29 గ్రాములు తూగింది. బంగారం తూచే చోట దీన్ని తూచమన్నందుకు ఆయన నన్ను చూసిన చూపును మీ ఖాతాలోనే రాసుకుంటున్నాను.

ఆ తరవాత మా వాడికి లైటు ఎంచడానికి సంతకు కాకుండా చెరువు దగ్గరికి వెళ్లాం. నాన్నగారి చెరువు అయిదెకరాలు. చదరంగా ఉందనుకుంటే ఒక్కో గట్టు సుమారు 142 మీటర్లు. పెట్టె మీది దూరంలో సగానికి వచ్చేసరికి వెలుగు నాలుగింతలై ఒక లక్సు అవుతుంది, అంటే ఆ చివర నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు తిరుగుతోందో ఆగిందో చెప్పడానికి సరిపోతుంది. కాబట్టి మాకు కావలసింది 300 మీటర్ల లైటు, అంటే 22,500 క్యాండెలాలు. మీరు చెప్పుకున్నదానిలో అది సరిగ్గా నూరో వంతు.

ఆ దూరం కూడా రాత్రికి రెండు మూడుసార్లే అవసరమవుతుంది. చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందేమో చూడాలన్నా, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు గట్టు వారకు చేరాయేమో వాటి కళ్ల ఎర్రటి మెరుపును బట్టి కనిపెట్టాలన్నా, గట్టు మీద కట్లపామును తొక్కకుండా నడవాలన్నా కావలసిన వెలుగు పదడుగుల లోపే. అందుకే గాజు లాగే రకం వద్దనుకుని, బల్బు చుట్టూ మెరిసే గిన్నెలాంటి నున్నటి రిఫ్లెక్టరు ఉన్నదాన్ని తీసుకున్నాం. అది నడిమి చుక్కను దూరం పంపుతూనే, చుట్టూ పల్చటి వెలుగును కాళ్ల దగ్గర పరుస్తుంది. మీరేమో గాజు లాగగానే ఆ చదరపు ముక్క తప్ప చుట్టుపక్కల లోకమంతా చీకటి చేసేవారు. మంచు దిగిన రాత్రుల్లో మాత్రం ఏ లైటు వేసినా ఎదురుగా తెల్లగోడ లేవవలసిందే. అక్కడ మీరూ కొత్తవారూ సమానమే.

కొత్తవారి ఖరీదు 1,400 రూపాయలు. మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునే ఐపీఎక్స్7 రకం, ఫోను చార్జరుతోనే చార్జింగు, జేబులో తనంతట తాను వెలగకుండా బటనుకు తాళం, మరీ చిన్న వెలుగు ఒకటి. నేర్చుకునే పిల్లవాడి చేతికి విడి సెల్లులూ విడి చార్జరూ ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. ఈయన కూడా సత్యహరిశ్చంద్రుడేమీ కాడు: పూర్తి జోరు కొద్ది నిమిషాలే, ఆపైన ఒళ్లు వేడెక్కి తగ్గిపోతాడు, ఇన్ని గంటలు వెలుగుతానని పెట్టె మీద రాసుకున్నది, వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కగట్టిన మాట. కాకపోతే అబద్ధమాడినా ప్రమాణం ప్రకారం ఆడాడు. మనుషుల కళ్లలోకీ, గట్టు మీద వచ్చే బండ్లవాళ్ల మీదికీ, ఏట్లో పడవల మీదికీ వేయకూడదని మా వాడితో మొదటి రోజే ఒట్టు వేయించుకున్నాను.

మీ విషయంలో ఒక అపచారం జరిగిందని చెప్పడానికే అసలు ఈ ఉత్తరం. మొన్న మా వాడు అటకెక్కి మీ మూతి విప్పి, ఆ గాజు తీసుకున్నాడు. ఇప్పుడు దానితో చెక్ ట్రేలోని రొయ్య మీసాలూ, అరుగు మీది చీమలూ చూస్తున్నాడు. రెండంగుళాల దూరం వరకు చాలా స్పష్టంగా కనబడుతున్నాయట.

ఇట్లు,
మీ పూర్వ యజమాని