89 జెండాలు, ఒకటే సంతకం

మద్రాసు మన చేయి జారిపోయి డెబ్బై ఏళ్లు దాటింది. అయినా ఈ ఊళ్లో ఉంటున్న మన పెద్దలు దాని మీద పూర్తిగా ఆశ వదులుకోలేదు. పొద్దున్నే టీ నగర్ పానగల్ పార్కుకి వాకింగుకి వచ్చే తెలుగువాళ్లని ఎవర్నైనా కదిపి చూడండి. షుగర్ మాత్రల దగ్గర మొదలైన మాట, రెండు రౌండ్లు తిరిగేసరికి 1953లో తేలుతుంది. పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో ప్రాణాలు వదిలింది ఎందుకటా? ఈ పార్కు ఎవరి పేరు మీద ఉంది, కాళహస్తి మనిషి పానగల్ రాజాగారి పేరు మీద కాదూ? 1960లో తిరుత్తణిని ఎవర్నడిగి ఇచ్చేశారు?

వాదనలో బలం లేదని ఎవరంటారు? లోపమల్లా పద్ధతిలో ఉంది. దీక్షలు, కమిషన్లు, జస్టిస్ ఫలానా గారి నివేదికలు అంటూ సరిహద్దుల విషయంలో మనం ఇంకా అక్కడే ఆగిపోయాం. రష్యావాళ్లు ఇవన్నీ ఎప్పుడో దాటిపోయారు. అందుకని, చెన్నైలో ఉన్న తెలుగు సంఘాలన్నిటినీ కలిపి ఒక సమాఖ్య చెయ్యాలని మా పెద్దలు చేస్తున్న ప్రయత్నానికి రష్యా రాజ్యాంగాన్నే నమూనాగా తీసుకోవాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

రష్యా మనకి పరాయి దేశమేమీ కాదు. ఒకప్పుడు మాస్కోలో అచ్చయిన ప్రగతి, రాదుగ వారి తెలుగు పుస్తకాలు బఠాణీల ధరకి దొరికేవి. ఇప్పుడు మన పిల్లలు అక్కడికి వెళ్లి డాక్టర్లవుతున్నారు. పైగా చెన్నైకీ వ్లాదివోస్తోక్‌కీ మధ్య సముద్ర మార్గం నడపాలని 2019లో రెండు దేశాలూ కాగితం రాసుకున్నాయి. సుమారు 10,300 కిలోమీటర్లు, 24 రోజులు. ముంబయి నుంచి సూయజ్ మీదుగా సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లే పాత దారిలో నలభై రోజులు పడుతుందంటారు. ముడిచమురు, బొగ్గు, ఎరువులు ఎలాగూ వస్తాయి. ఓడలో కాస్త చోటు మిగిలితే రాజనీతి కూడా వేయించుకుందాం.

ముందు ఆ దేశం ఎంతుందో చూడాలి. కోటీ 71 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశాలు అయిదు సర్దినా ఇంకా చోటుంటుంది. 14 దేశాలతో సరిహద్దు, ఒక కొసన నార్వే, ఇంకో కొసన ఉత్తర కొరియా. జనం మాత్రం పద్నాలుగున్నర కోట్లకి అటూ ఇటూ. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడునీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నీ కలిపితేనే పదిహేనున్నర కోట్లు దాటింది. సఖా అని అక్కడో రిపబ్లిక్ ఉంది. అదొక్కటే 30 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట, అంటే మన దేశానికి కాస్త తక్కువ. అందులో కాపురముండేది పది లక్షల మంది. అర గ్రౌండు స్థలం కోసం అన్నదమ్ములు హైకోర్టు మెట్లెక్కే ఊళ్లో కూర్చుని ఈ లెక్కలు చదువుతుంటే కడుపు మండుతుంది. అదే సఖాలో ఒయ్‌మ్యకోన్ అనే ఊళ్లో 1933లో మైనస్ 67.7 డిగ్రీలు నమోదైందని తెలిశాక, కత్తిరి ఎండల్లో కరెంటు పోయిన రాత్రి కూడా మంట కాస్త చల్లారుతుంది.

మాస్కోలో రైలెక్కితే వ్లాదివోస్తోక్‌కి 9,288 కిలోమీటర్లు. చెన్నై సెంట్రల్ నుంచి ఢిల్లీకి నాలుగుసార్లు వెళ్లినా అంత దూరం రాదు. దారి పొడుగునా పొద్దు మారిపోతూ ఉంటుంది, ఎందుకంటే దేశంలో 11 టైమ్ జోన్లున్నాయి. కానీ 2018 దాకా రైల్వేవాళ్ల టికెట్టు మీదా టైంటేబుల్లోనూ ఉండేది మాస్కో టైమే. వ్లాదివోస్తోక్ ప్లాట్‌ఫారం మీద మిట్టమధ్యాహ్నం నిలబడ్డ మనిషికి రైల్వే లెక్కలో తెల్లవారుజామున అయిదు. ఫెడరేషన్ అంటే ఏమిటో పొలిటికల్ సైన్సు పుస్తకాలు వంద పేజీల్లో చెప్పేదాన్ని ఆ టైంటేబుల్ ఒక్క గీతలో చెప్పేది. 2018 ఆగస్టులో స్థానిక టైముకి మార్చారు. మార్చింది టైము ఒక్కటే.

టైమ్ జోన్లు కూడా శాశ్వతం కావు. 2010లో అప్పటి ప్రెసిడెంటు మెద్వెదేవ్‌గారికి పదకొండు మరీ ఎక్కువ అనిపించి తొమ్మిదికి దించారు. 2014లో మళ్లీ పదకొండయ్యాయి. భూమి తిరగబట్టి పొద్దు పొడుస్తుందని మనం బళ్లో చదువుకున్నాం. మనకున్న ఒకే ఒక్క టైమ్ జోను కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖ మీద ఆధారపడి ఉందని గర్వపడటం వరకే మన స్థాయి.

ఇక రాజ్యాంగం. అందులో 65వ అధికరణం నిండా దేశంలోని విభాగాల పేర్లే, 89 పేర్లు. రాష్ట్రం, కేంద్రపాలిత ప్రాంతం అని రెండు ముక్కల్లో తేల్చేసే మన పిసినారితనం వాళ్లకి లేదు. 24 రిపబ్లిక్కులు, 48 ఒబ్లాస్తులు (అంటే ప్రాంతాలు), 9 క్రాయ్‌లు (అవీ ప్రాంతాలే, పేరు వేరు), 4 స్వయంప్రతిపత్తి ఒక్రుగులు (అంటే జిల్లాలు), 3 ఫెడరల్ నగరాలు, ఒకే ఒక్క స్వయంప్రతిపత్తి ఒబ్లాస్తు. ఎవరి జెండా వాళ్లది, ఎవరి చిహ్నం వాళ్లది. రిపబ్లిక్కులకైతే సొంత రాజ్యాంగం, సొంత అధికార భాష కూడా. అందరూ సమానమేనని 5వ అధికరణం హామీ. ఆ సమానత్వం ఎంత దూరం వెళ్లిందంటే, త్యుమెన్ ఒబ్లాస్తు కడుపులో రెండు ఒక్రుగులున్నాయి. అవి త్యుమెన్‌లో భాగమూ అవుతాయి, త్యుమెన్‌తో సమానమూ అవుతాయి. దేశానికొచ్చే చమురులో, గ్యాసులో పెద్ద వాటా ఆ రెండింటిదే. ఉమ్మడి ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకున్న చిన్నకోడలి బొడ్లోనే ఇనప్పెట్టె తాళాలున్నట్టు.

ఆ ఒక్కగానొక్క స్వయంప్రతిపత్తి ఒబ్లాస్తు యూదులది. 1934లో స్టాలిన్ హయాంలో, చైనా సరిహద్దు పక్కన ఏర్పడింది. రాజధాని బిరొబిజాన్. అక్కడి రైల్వే స్టేషన్ మీద యూదుల భాష ఇద్దిష్ అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. యూదులు మాత్రం జనాభాలో ఒక శాతం కూడా లేరు. చెన్నైలో తెలుగు మీడియం బడుల బోర్డులు చూసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ కనపడదు. కలినిన్‌గ్రాద్ కూడా మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. పోలండుకీ లిథువేనియాకీ మధ్య ఒంటరిగా పడి ఉన్న రష్యా ముక్క అది. కాకినాడ పక్కన కూర్చుని పుదుచ్చేరి పాలనలో నడిచే యానాం మనకి ఉంది కదా. కాకపోతే యానాం అనగానే గుర్తొచ్చేది చవక మందు, కలినిన్‌గ్రాద్ అనగానే గుర్తొచ్చేవి క్షిపణులు.

ఇన్ని పదవులు, ఇన్ని జెండాలు పంచిపెట్టాక అధికారం ఎవరి దగ్గర ఉంటుందన్నదే అసలు కళ. 1990 ఆగస్టులో రష్యా నాయకుడు యెల్సిన్‌గారు తతార్‌స్తాన్ రిపబ్లిక్ రాజధాని కజాన్ వెళ్లి, ఎంత సార్వభౌమాధికారం మింగగలిగితే అంత తీసుకోండి అన్నారు. తతార్‌స్తాన్‌వాళ్లు నమ్మి విస్తరి ముందు కూర్చున్నారు. 1994లో మాస్కోతో ఒప్పందం కూడా రాసుకున్నారు. తర్వాత వచ్చిన పెద్దాయన పుతిన్‌గారు వడ్డించినవి ఒక్కొక్కటే ఎత్తేశారు. 2017లో ఒప్పందం గడువు తీరిపోయింది, మళ్లీ రాయలేదు. మరుసటి ఏడు, రిపబ్లిక్కుల భాషల్ని ఇష్టమున్న పిల్లలే చదువుకోవచ్చని చట్టమొచ్చింది. చివరికి విస్తట్లో మిగిలింది రిపబ్లిక్కు నాయకుడికి ప్రెసిడెంటు అనే పిలుపు. దాని విషయంలో చెచెన్యా నాయకుడు కదిరోవ్ 2010లోనే అందరికన్నా ముందు లేచి, దేశానికి ప్రెసిడెంటు ఒక్కరే ఉండాలి, నాకా పిలుపు వద్దు అనేశారు. మిగతావాళ్లు వరసగా వదులుకున్నారు. తతార్‌స్తాన్ ఒక్కటే 2023 దాకా మింగలేక కక్కలేక ఉండి, ఆఖరికి తన నాయకుణ్ని ‘రయీస్’ (అంటే అధినేత) అని పిలుచుకోవడం మొదలుపెట్టింది. ఎంత నిగ్రహం! మన సంఘాల్లో పదవి దిగి పదేళ్లయినవారిని కూడా ప్రెసిడెంటుగారూ అనే పిలవాలి, లేకపోతే ఉగాది సభకి రారు.

గవర్నర్ల ఎన్నికలది ఇంకో కథ. 2004లో బెస్లాన్ బడిని ఉగ్రవాదులు ముట్టడించి, మూడు వందల మందికి పైగా చనిపోయారు. దాని తర్వాత దేశ ఐక్యత కోసమంటూ గవర్నర్లని ప్రజలు ఎన్నుకునే పద్ధతి రద్దయింది. ఆ దారుణానికీ గవర్నరు ఎన్నికలకీ సంబంధం ఏమిటని అడిగేవాళ్లు భద్రత విలువ తెలియనివాళ్లు. 2012లో ఎన్నికలు తిరిగొచ్చాయి, కూడా ఒక జల్లెడ వచ్చింది. పోటీ చెయ్యాలంటే స్థానిక కౌన్సిళ్ల సభ్యులు కొందరి సంతకాలు తేవాలి. ఆ సభ్యుల్లో ఎక్కువమంది పాలక పార్టీవాళ్లే.

అంత సన్న జల్లెడలోంచి కూడా ఒక గింజ జారిపడింది. 2018 సెప్టెంబరులో ఖబారోవ్స్క్ క్రాయ్ ప్రజలు పాలక పార్టీ గవర్నర్ని కాదని సెర్గేయ్ ఫుర్గాల్ అనే ఆయన్ని దాదాపు 70 శాతం ఓట్లతో గెలిపించారు. డిసెంబరుకల్లా దూరప్రాచ్య ఫెడరల్ జిల్లా రాజధాని హోదా ఖబారోవ్స్క్ నుంచి వ్లాదివోస్తోక్‌కి తరలిపోయింది. (రాజధాని తరలిపోతే ఎలా ఉంటుందో తెలుగువాడికి వేరే చెప్పాలా?) 2020 జులైలో, పదిహేనేళ్ల నాటి హత్య కేసులంటూ ఫుర్గాల్‌ని అరెస్టు చేసి మాస్కో పట్టుకుపోయారు. వేలాది జనం నెలల తరబడి శనివారం శనివారం వీధుల్లోకొచ్చి, మా గవర్నర్ని మాకివ్వండి అని అరిచారు. ఇచ్చారు, కానీ వేరే గవర్నర్ని. ఆ ప్రాంతంతో ముందూ వెనకా సంబంధం లేని ఒక డూమా (రష్యా పార్లమెంటు దిగువ సభ) సభ్యుణ్ని అక్కడ దింపారు. 2023లో ఫుర్గాల్‌కి 22 ఏళ్ల శిక్ష పడింది. మన దగ్గరైతే ఎమ్మెల్యేలని బస్సెక్కించి రిసార్టుల్లో పెట్టి, బిర్యానీలు పెట్టి, ఎంత ఖర్చు!

సరిహద్దుల సంగతికొస్తాను. 2016లో రష్యా భౌగోళిక సంఘం బహుమతుల సభలో ఒక తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని పుతిన్‌గారు స్టేజి మీద అడిగారు, రష్యా సరిహద్దు ఎక్కడ ముగుస్తుందని. బేరింగ్ జలసంధి దగ్గర, అమెరికాతో అన్నాడు వాడు. భూగోళశాస్త్రం ప్రకారం సరైన జవాబే. రష్యా సరిహద్దులు ఎక్కడా ముగియవు అన్నారు పుతిన్‌గారు. ఆ వెంటనే జోక్ అని కూడా అన్నారు. సభంతా నవ్వింది.

అప్పటికే 1993 నాటి 89 విభాగాలు కొన్ని కలిసిపోయి 83 అవడం, 2014లో క్రిమియానీ సెవస్తోపోల్‌నీ కలుపుకుని 85 అవడం అయిపోయాయి. 2022లో ఉక్రెయిన్‌వి మరో నాలుగు ప్రాంతాలు కలుపుకుని లెక్క మళ్లీ పాత 89కి తెచ్చారు. ముందుగా ప్రజాభిప్రాయం కూడా అడిగారండోయ్. యుద్ధం మధ్యలో, తుపాకుల పక్కన పెట్టెలు పెట్టి అడిగితే దొనెట్స్క్‌లో 99 శాతానికి పైగా సరేనన్నారని ప్రకటించారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో 143 దేశాలు ఇది చెల్లదన్నాయి, 5 దేశాలు ఆ మాటని వ్యతిరేకించాయి, 35 గోడ మీద కూర్చున్నాయి. గోడ మీద మన కుర్చీ కూడా ఉంది.

ఇక్కడే రష్యా రాజ్యాంగం గొప్పతనం తెలిసేది. ఆ నాలుగింట్లో ఒకటైన జపోరిజియా ప్రాంతానికి ముఖ్యపట్టణం జపోరిజియా నగరంలో రష్యా సైన్యం అడుగైనా పెట్టలేదు. ఇంకో ప్రాంతం ఖేర్సన్‌ని సెప్టెంబరు 30న కలుపుకుంటున్నట్టు సంతకం పెట్టి, నవంబరు 11కల్లా ఆ నగరం వదిలేసి నది దాటేశారు. అయితేనేం, రాజ్యాంగంలో ఆ పేర్లు చెక్కుచెదరలేదు. దేశం నేల వదులుకోవడమూ, వదులుకుందామని పిలుపివ్వడమూ కుదరదని 2020లోనే సవరించి పెట్టుకున్నారు కూడా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం తరతరాలుగా వెక్కిరింతకే వాడుకున్నాం. వాళ్లు దాన్ని 65వ అధికరణం చేశారు.

ఈ అనుభవసారంతో మా సమాఖ్య ముసాయిదా సిద్ధమైంది. చందాలు ఎక్కువగా వచ్చేది సౌకార్‌పేట నుంచి కాబట్టి దానికి రిపబ్లిక్ హోదా, సొంత జెండా. ఓఎంఆర్ సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఫెడరల్ నగరం. వాళ్లు సభలకి రారు, లైకు కొడతారు. కోడంబాక్కం సినిమావాళ్ల స్వయంప్రతిపత్తి ఒబ్లాస్తుగా ఉంటుంది. సినిమావాళ్లంతా ఎప్పుడో హైదరాబాదు వెళ్లిపోయిన మాట నిజమే గానీ బోర్డు తియ్యనక్కర్లేదు. పెరంబూరు, విల్లివాక్కం, అంబత్తూరు శాఖలు ఒకదాంట్లో ఒకటి భాగంగానూ, ఒకదానితో ఒకటి సమానంగానూ ఉంటాయి. ఏ శాఖలో ఏ సభ అయినా అధ్యక్షులవారి ఇంటి గడియారం ప్రకారమే మొదలవుతుంది. ఇది ఇప్పటికే అమల్లో ఉంది. ఉపాధ్యక్షులు 89 మంది. చెక్కు మీద సంతకం ఒక్కరిదే.

తిరుత్తణిని ముసాయిదాలో మన శాఖగా రాసేశాం. అక్కడ మనకి ఆఫీసు లేదు, సభ్యులు లేరు, బస్సు దిగితే మంచినీళ్లిచ్చేవాళ్లు లేరు. “మరి అక్కడి చందా ఎవరు వసూలు చేస్తారండీ?” అని కోశాధికారిగారు సందేహం వెలిబుచ్చారు. రాజ్యాంగం చందాల పుస్తకం కాదని కార్యదర్శిగారు ఆయన్ని మందలించారు. బళ్లారిని కూడా చేర్చాలని ఒక పెద్దాయన సవరణ ఇవ్వబోతే, అది బెంగళూరు తెలుగువాళ్లు రాసుకోవలసిన ఊరని, పక్కవాళ్ల హక్కుల జోలికి మనం పోకూడదని అధ్యక్షులవారు తేల్చేశారు. తిరుత్తణి ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడని అడుగుతున్నారు చాలామంది. ఫలితాలు టైపు అయిపోయాయి. తేదీ ఒక్కటే ఖాళీగా ఉంది.