పెరటి పంటంతా ఫ్రిజ్‌లోకేనా? ఆ ఫార్వర్డ్‌లో ఉన్న తప్పులు

చలి ముదిరేలోపు పెరట్లో కోసిన పంటను ఎలా దాచుకోవాలో చెప్పే మెసేజ్ ఒకటి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. కోయగానే అన్నీ కడగాలట. కడిగినవన్నీ ఫ్రిజ్‌లో పెట్టాలట. చోటు చాలకపోతే ఉల్లి, బంగాళదుంప ఒకే బుట్టలో వేసుకోవచ్చట. వెల్లుల్లి రెబ్బలను నూనెలో ముంచి అలమారాలో పెడితే ఏడాది ఉంటాయట. చదవడానికి బాగానే ఉంది, పాటిస్తేనే తంటా.

"కోయగానే కడగాలి." ఎక్కువ రోజులు దాచాలనుకునే దుంపల విషయంలో ఇది తప్పు. తడి మిగిలిందంటే కుళ్లు మొదలైనట్టే. మట్టి దులిపితే చాలు, కడగడం వండే ముందు చూసుకోవచ్చు. ఉల్లిపాయలకైతే గాలి ఆడే నీడలో రెండు మూడు వారాలు ఆరడం ముఖ్యం. కాడ మొదలు పూర్తిగా ఎండి మూసుకుపోకపోతే లోపలికి బూజు దిగుతుంది.

"ఫ్రిజ్‌లో ఏదైనా నిలవుంటుంది." క్యారెట్‌కు సరే. ఆకులు తుంచేసి, తేమ ఆరిపోకుండా పెడితే నెలల తరబడి ఉంటుంది (పక్కన యాపిల్స్ మాత్రం వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు క్యారెట్ చేదెక్కుతుంది). బంగాళదుంపకు అంత చలి పనికిరాదు. అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, వేపుడు చేస్తే ముక్కలు నల్లబడతాయి. దానికి 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ చల్లదనం, చీకటి ఉండాలి. వెలుతురు తగిలి పచ్చబడితే సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. గుమ్మడి, చిలగడదుంప ఇంకా సుకుమారం, 10 డిగ్రీల కంటే చల్లబడితే దెబ్బతింటాయి.

ఒకే బుట్ట సంగతి ఒక్క మాటలో: ఉల్లికి పొడి గాలి కావాలి, బంగాళదుంపకు తేమ కావాలి. కలిపి ఉంచితే రెండూ త్వరగా పాడవుతాయి.

మెసేజ్‌లోని ఈ సలహాలు పాటిస్తే పోయేది కూరగాయలే. వెల్లుల్లి సలహా అలా కాదు, మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది. "నూనె గాలి తగలనివ్వదు కాబట్టి పాడవదు" అని మెసేజ్ చెప్పే కారణం. సరిగ్గా అదే ప్రమాదం. మట్టిలో ఉండే క్లోస్ట్రీడియం బొటులినమ్ అనే బాక్టీరియాకు గాలి లేని, పులుపు లేని చోటే ఇష్టం. అది తయారుచేసే విషం నరాలను పనిచేయనివ్వదు, ఊపిరి కూడా ఆగిపోవచ్చు. పైగా వాసనలోనో రుచిలోనో తేడా తెలియాలని లేదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో బయట ఉంచిన నూనె వెల్లుల్లి వల్లే పదుల మంది జబ్బుపడ్డారు. మరిగిస్తే పోతుందిలే అనుకోకండి. దాని బీజాలు 100 డిగ్రీల నీటిని తట్టుకుంటాయి, అవి చావాలంటే ప్రెషర్‌లో 121 డిగ్రీల దాకా వేడెక్కాలి.

"మరి పచ్చళ్లు నూనెలోనే ఉంటాయిగా?" అని అడిగేవాళ్లున్నారు. అక్కడ కాపాడేది ముఖ్యంగా పులుపూ ఉప్పూ. పిహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఈ బాక్టీరియా పెరగలేదు. ఒట్టి నూనెకు ఆ గుణం లేదు. వెల్లుల్లిని గడ్డలుగానే ఆరబెట్టి గాలి తగిలేలా వేలాడదీస్తే నెలల పాటు ఉంటుంది. నూనెలో వేసిందైతే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లోపు వాడేయండి, లేదంటే ఫ్రీజర్‌లో పెట్టండి. ఆ మెసేజ్ చూసి ఇప్పటికే సీసా నింపి అలమారాలో పెట్టి ఉంటే, రుచి చూడకుండా పారేయండి.