ఓటుకి ఎంత అంటే శాసనం చదివే క్యాండిడేటు

మా డివిజన్లో ఈసారి ఒక హిస్టరీ సార్ కార్పొరేటర్‌గా నిలబడతాండాడంట. విన్నప్పట్నించి నాకు అన్నం సయించడం లేదు. కార్పొరేటర్‌కి ఉండకూడని జబ్బు ఏదన్నా ఉందంటే అది జ్ఞాపకశక్తి, ఈయనకి అది బాగా ముదిరిపోయింది. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయితే మొదటి ఎన్నిక 2021లో జరిగిందని, అందులో కూడా 50 డివిజన్లకి 22 ఏకగ్రీవమేనని ఇంటింటికీ పోయి చెప్తాండాడు. హాయిగా మర్చిపోయి నిద్రపోయేవాళ్ళని లేపి గుర్తు చేయడం ఏం మర్యాదో మీరే చెప్పండి.

నాలుగుకాళ్ళ మండపం దగ్గర టీ కొట్టులో ఎవరో ఓటుకి ఎంతిస్తావు సామీ అనడిగితే, 966లో సామవై అనే రాణి తిరుమలకి వెండి విగ్రహం, భూమి ఇచ్చి ఆ లెక్క రాతి మీద చెక్కించింది, మీ నాయకుల హామీ చిత్తు కాయితం మీదైనా ఉందా అన్నాడంట. అడిగింది ఎంత అని, చెప్పింది ఎప్పుడు అని. టీ డబ్బులు కూడా ఎవరివి వాళ్ళే ఇచ్చుకున్నారు.

ఇంక మా వీధికి ప్రచారానికొచ్చిన రోజు చూడాల. వెనకాల ఇద్దరే ఇద్దరు, రిటైరైన లెక్కల సారు ఒకరు, పాంప్లెట్లు మోసే మనవడు ఒకడు. మూలింటి అక్క చీపురు పట్టుకుని, సామీ కాలవ పొంగి వారమైంది చూడు అంటే, ఈయన చూపు కాలవ మీద లేదు, పక్కనున్న బట్టలుతికే బండ మీదుంది. అమ్మా కొంచెం ముగ్గుపిండి ఉందా అన్నాడు. పంచె ఎగ్గట్టి ఆ మురుగులోనే గొంతుక్కూర్చుని, బండ తిప్పించి, పిండి చల్లి అరచేత్తో రుద్దితే అక్షరాలు తేలినాయి, అరవ అక్షరాలు (ఇక్కడి శాసనాల్లో ఎక్కువ అరవంలోనే ఉంటాయిలే). అంతే, నిధి అని ఎవరో అన్నారు, ఐదు నిమిషాల్లో వీధంతా అక్కడే, అవతలి పార్టీ ర్యాలీ కూడా డప్పులు ఆపేసి బిర్యానీ పొట్లాలతోనే తొంగి చూస్తాంది. సగం పగిలిపోయిందమ్మా, చంద్రుడు సూర్యుడు ఉన్నంతకాలం అన్నది మాత్రం తెలుస్తాంది అన్నాడు. అక్క ఒకసారి మురుగు వైపు చూసి, అయితే మా కాలవ గురించే రాసినారు సామీ అంది.

నవ్వినాం. విజయనగరం రోజుల్లో దేవుడికిచ్చిన డబ్బుతో పల్లెల్లో చెరువులు, కాలవలు తవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యం పెట్టేవాళ్ళని ఆయన చెప్తాంటే ఆవలించినాం కూడా. 2021 నవంబర్‌లో నీళ్ళు ఇంట్లోకొచ్చి మంచమెక్కినప్పుడు మాత్రం ఒక్కరూ ఆవలించలేదే! రాయలచెరువు కట్ట లీకై ఊళ్ళు ఖాళీ చేయించినారే! ఆ నీళ్ళు దారి తప్పి రాలేదయ్యా, వాటి పాతదారినే వచ్చినాయి, అడ్డంగా ఉన్నది మనం. కాలవ మీద కట్టినోడు, చెరువుని ప్లాట్లేసి అమ్మినోడు, దానికి సంతకం పెట్టినోడు, ముగ్గురూ సిగ్గులేకుండా మళ్ళీ వస్తారు, దండలేసేది మనమే. ఆ కాలవ యాడ పారేదో తెలిసిన ఒక్క మనిషీ మనకి జోకు.

డిపాజిట్ అయితే రాదు, పందెం. మర్నాడు మళ్ళీ వచ్చినాడు, ఒక్కడే. ఓటు అడగలా, బండ అడిగినాడు, చంద్రగిరి కోట మ్యూజియంలో పెట్టిస్తాడంట. బండిస్తే మళ్ళీ ఓటుకి రావు కదా సామీ అంది అక్క.

ఆలోచించి చెప్తానని పోయినాడు.