వేసవిలో పిల్లలు మరిచిపోయేది తెలుగే

ఏప్రిల్‌లో స్టార్ (టెక్సస్ రాష్ట్రం బడిపిల్లలకు పెట్టే) పరీక్షలు అయిపోగానే మన టెక్సస్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. బాబుకి మూడో గ్రేడ్ అయిపోతోంది, నాలుగో గ్రేడ్ లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టించాలా? ఏ వర్క్‌బుక్ మంచిది? రైటింగ్ క్యాంప్ దగ్గర్లో ఎక్కడుంది? మే నెలాఖరులో బడి మూస్తే మళ్ళీ తెరిచేది ఆగస్టులోనే. అన్నాళ్ళు ఖాళీగా ఉంటే నేర్చుకున్నది పోతుందేమోనన్న టెన్షన్ తల్లిదండ్రులకు ఉండటం సహజం. కానీ మన ఇళ్ళలో పిల్లలు వేసవిలో మరిచిపోయేది తెలుగు. మన డబ్బూ శ్రమా మాత్రం లెక్కల మీద, ఇంగ్లిష్ మీదే ఖర్చవుతున్నాయి.

‘సమ్మర్ స్లైడ్’, అంటే వేసవి సెలవుల్లో నేర్చుకున్నది జారిపోవడం, అనే మాట మీరంతా వినే ఉంటారు. 1996లో హారిస్ కూపర్ అనే పరిశోధకుడి బృందం అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, వేసవి తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడి ఉంటున్నారని తేల్చింది. మనవాళ్ళు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఈ ఒక్క వాక్యమే. అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా ఉంది. చదవడంలో నష్టపోయింది ముఖ్యంగా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలు. మధ్యతరగతి పిల్లలు కొన్ని రీడింగ్ పరీక్షల్లో వేసవి తర్వాత కాస్త మెరుగయ్యారు కూడా. ఇంట్లో పుస్తకాలుండి, లైబ్రరీకి తీసుకెళ్ళే మనుషులుంటే పిల్లలు సెలవుల్లోనూ చదువుతూనే ఉంటారు.

ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ అనే పరిశోధకులు చేసిన పని నాకు చాలా ఇష్టం. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో, చిన్న తరగతుల వాళ్ళకు వరసగా మూడు వేసవులు, ఏటా పన్నెండేసి పుస్తకాలు ఉచితంగా ఇచ్చారు. టీచర్ లేరు, పరీక్ష లేదు. ఏ పుస్తకాలు కావాలో పిల్లలే ఎంచుకున్నారు. 2010లో ప్రచురించిన ఫలితాల్లో, ఆ పుస్తకాలు అందుకున్న పిల్లలు చదవడంలో మిగతావాళ్ళకంటే ముందున్నారు.

కాబట్టి ఇంగ్లిష్ విషయంలో నా సలహా చిన్నది. లైబ్రరీకి తీసుకెళ్ళండి, ఎంచుకోవడం పిల్లలకే వదిలేయండి. గ్రాఫిక్ నవల చేతిలోకి తీసుకుంటే ‘ఇది బొమ్మల పుస్తకం, మంచిది తీసుకో’ అని వెనక్కి పెట్టించకండి. ఒకే సిరీస్‌ను మళ్ళీమళ్ళీ చదివినా చదవనివ్వండి. చదివిన ప్రతి కథకూ నీతి చెప్పమని అడగకండి.

ఇక తెలుగు సంగతి. శని, ఆదివారాల్లో నడిచే మన తెలుగు తరగతులు చాలావరకు ఇక్కడి బడి క్యాలెండర్‌నే అనుసరిస్తాయి. అవి మే నెలలో ఆగిపోతే మళ్ళీ సెప్టెంబరు దాకా చాలామంది పిల్లల కంటికి ఒక్క తెలుగు అక్షరం కూడా కనబడదు. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న పిల్లలు సెలవుల్లో పుస్తకం ముట్టకపోయినా బస్సుల మీద, దుకాణాల బోర్డుల మీద, సినిమా పోస్టర్ల మీద అక్షరాలు చూస్తూనే ఉంటారు. ఇక్కడ టెక్సస్‌లో, ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో పెరిగే పిల్లలకు ఆ వీలు లేదు. తెలుగు క్లాసు చెప్పే మాలాంటివాళ్ళకు సెప్టెంబరులో ఇది స్పష్టంగా తెలుస్తుంది. ప, వ, మ కలిసిపోతాయి. ద, ధ తేడా పోతుంది. అన్నిటికంటే ముందు పోయేవి ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు కాబట్టి, చూడటం మానేస్తే అవి గుర్తుండవు. మే నెలలో చక్కగా చదివిన పిల్లే సెప్టెంబరులో ‘అమ్మమ్మ’ దగ్గర ఆగిపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

దీన్ని ఆపడం కష్టం కాదు. గుణింతాలూ ఒత్తులూ పట్టుబడితే తెలుగులో దాదాపు ఏ మాటనైనా కూడబలుక్కుని చదివేయొచ్చు. ఇంగ్లిష్‌లోలాగా ఒక్కో మాటకూ స్పెల్లింగ్ బట్టీ పట్టక్కర్లేదు. పైగా చాలా ఇళ్ళలో పిల్లలకు మాట్లాడే తెలుగు ఎంతో కొంత వచ్చే ఉంటుంది. రోజూ పావుగంట చాలు.

ఏం చదివించాలన్నదే అసలు ప్రశ్న. ఇంట్లో ‘తిన్నావా’, ‘వెళ్దాం’ అని వినే పిల్లల చేతిలో ‘భుజించెను’, ‘ఏగెను’ అని ఉన్న పుస్తకం పెడితే రెండో పేజీకే మూసేస్తారు. వాడుక భాషలో ఉన్న చిన్న బొమ్మల పుస్తకాలు కావాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా, ఉచితంగా ఉన్నాయి. ప్రింట్ తీసుకుని మంచం పక్కన పెట్టుకోవచ్చు. ఒక ఇబ్బంది ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లకు తెలుగులో మొదటి స్థాయి కథ ఇస్తే ‘ఇది పసిపిల్లల పుస్తకం’ అని చిన్నబుచ్చుకుంటుంది. అందులో న్యాయం ఉంది, ఆ వయసుకు ఇంగ్లిష్‌లో తను లావుపాటి పుస్తకాలు చదువుతోంది. ఆ కథను చెల్లికో, పక్కింటి బుడ్డోడికో చదివి వినిపించే బాధ్యత తనకివ్వండి. అప్పుడు పుస్తకం చిన్నదవడానికి ఒక కారణం దొరుకుతుంది, చదివే పిల్ల పెద్దదవుతుంది.

రాయడం గురించి నా అభిప్రాయం ఇంకా గట్టిది. చూచిరాత కొన్నాళ్ళు అవసరమే, కానీ పేజీలు నింపడానికి ఏ పిల్లా ఇష్టంగా కూర్చోదు. రాసింది చదివే మనిషి ఒకరుండాలి. ఇండియాలో ఉన్న అమ్మమ్మకో నానమ్మకో ఉత్తరం రాయించండి, మూడు వాక్యాలైనా సరే. ఒక ఔన్సు లోపు కవరుకు ఒక్క గ్లోబల్ ఫరెవర్ స్టాంప్ సరిపోతుంది. జవాబు చేత్తోనే రాయమని పెద్దవాళ్ళను ముందే అడగండి. గొలుసుకట్టు కాకుండా, అక్షరాలు విడివిడిగా, పెద్దగా రాయమనడం మరిచిపోకండి. పిల్ల ‘పార్కుకి వెల్లాను’ అని రాస్తే ఎర్ర పెన్ను తీయకండి. అలాగే పోస్టు చేయండి. ‘పార్కుకి వెళ్ళావా, ఎవరితో వెళ్ళావు?’ అని అమ్మమ్మ జవాబు వస్తుంది. సరైన రూపం ఆ పిల్ల కంట్లో అప్పుడు పడుతుంది.

వేసవికి అమ్మమ్మా తాతయ్యా ఇక్కడికే వచ్చి ఉంటే ఇంకా మంచిది. ఇండియన్ స్టోర్‌కు వెళ్ళే ముందు సరుకుల చీటీ వాళ్ళు చెబుతుంటే పిల్లల చేత రాయించండి. ఉప్పు, కొబ్బరి, బెల్లం, నెయ్యి, జీలకర్ర. ఈ అయిదు మాటల్లోనే ప, బ, ల, య, ర ఒత్తులు వచ్చేశాయి. స్టోర్‌లో ఆ చీటీ చదివే పని కూడా వాళ్ళకే అప్పగించండి.

ఇంటింటా ఇదంతా ఒంటరిగా చేయడం కష్టం, మన తెలుగు అసోసియేషన్ పూనుకోవాలి. 1989లో మొదలై, పిల్లలకు చదువు పోటీలు నడుపుతున్న నార్త్ సౌత్ ఫౌండేషన్ అనే సంస్థ పనిని చూడండి. ఊరూరా వాలంటీర్లు నిలబడబట్టే స్పెల్లింగ్ బీ అనే ఇంగ్లిష్ స్పెల్లింగ్ పోటీ మన పిల్లలకు ఇంత దగ్గరైంది. తెలుగు కోసం అంత పట్టుదల చూపిద్దాం, పోటీ మాత్రం వద్దు. జూన్, జులైల్లో వారానికి ఒక గంట ఏదైనా లైబ్రరీ గదిలో తెలుగు కథలు చదువుకునే ఏర్పాటు చేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఈ పత్రికలో ప్రతి సంచికలో రెండు పేజీలు పిల్లల ఉత్తరాలకు ఇవ్వాలి. వాళ్ళ చేతిరాతలోనే, తప్పులు దిద్దకుండా, బహుమతులు ప్రకటించకుండా అచ్చు వేయాలి.

వేసవి పిక్నిక్‌లో పుస్తకాలు మార్చుకునే టేబుల్ ఒకటి పెట్టాలని కూడా అడుగుతున్నాను. దాని పని నేను చూసుకుంటాను. మీ పిల్లలు చదివేసిన తెలుగు బొమ్మల పుస్తకాలు తీసుకురండి, అట్ట చిరిగినా ఫర్వాలేదు.