గెడ్డ పక్క రెండొందల గజాలు

ముఖం 30 అడుగులు, లోతు 60 అడుగులు. విశాఖలో రెండొందల గజాల ప్లాటంటే చాలావరకు ఇదే కొలత. దీన్ని తీసుకెళ్లి ఒకసారి నీటి పక్కన పెట్టి చూద్దాం.

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం, 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) గీత నుంచి 30 మీటర్లు కట్టకుండా వదలాలి. అంటే 98 అడుగులు. గీతను ఆనుకుని ఉంటే మన ప్లాటు మొత్తం పోయి, వెనకాయన స్థలంలో కూడా 38 అడుగులు పోతుంది. అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు. వెడల్పు 10 మీటర్లు దాటిన గెడ్డకూ (వాగుకూ) అంతే. సగం ప్లాటు అయిపోయింది. సన్న కాలువకు 2 మీటర్లు. ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాకు దీనికి అదనం. లేఅవుట్ వేసేవారు ఈ పట్టీని ఖాళీ స్థలం కోటాలో చూపించుకోవచ్చు గానీ సెట్‌బ్యాకులో కలుపుకోవడానికి లేదు. ఆ తర్వాత నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి ప్లాను పెట్టే రోజున ఏ కొలత అమల్లో ఉందో అదే చూసుకోవాలి.

"రిజిస్ట్రేషన్ అయిన స్థలం, మా ఆస్తి హక్కు ఏమైంది?" అని మనవాళ్లు అడుగుతారు. రిజిస్ట్రేషన్ అమ్మకానికి సాక్ష్యం, అంతే. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో లేకపోతే దస్తావేజు అయిపోతుంది. అక్కడ గెడ్డ పారుతుందా అని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరూ చూడరు.

అసలు తగవంతా ఎఫ్‌టీఎల్ గీత దగ్గరే. చెరువు నిండి అలుగు పారబోయే మట్టం అది. ఏప్రిల్‌లో నీళ్లు ఎంతదాకా ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. మేఘాద్రిగెడ్డ జలాశయానికి పూర్తి మట్టం 61 అడుగులు. ఎండాకాలం వెళ్లి చూసినవాళ్లకు ఆ అంచు పొడి నేలే. ఇక్కడే బేరం కుదురుతుంది. నాలుగడుగుల ఎర్ర గ్రావెల్ పోసి రోలర్ తిప్పితే ప్లాటు మెరకగా కనిపిస్తుంది. గీత మాత్రం రికార్డులో ఉన్నచోటే ఉంటుంది. కొండవాలు నుంచి దిగిన వాననీరు ఆ మెరకను తప్పుకుని పక్క వీధిలోకి వెళ్తుంది, పోసిన గ్రావెల్‌లో కొంత చెరువులోకే జారి దాన్ని పూడుస్తుంది. తాగేది మళ్లీ ఆ నీళ్లే.

కాబట్టి చట్టం తప్పని మేం అనం. అమలు చేసే తీరు మాత్రం వంకర. రాళ్లు పాతి హద్దు చూపించాల్సింది అమ్మకాలకు ముందు. అది చేయకుండా లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేసి, ఇళ్లు లేచాక గీత గీస్తే ఎవరు ఒప్పుకుంటారు? 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాకుండా పోయింది. రాజ్యాంగంలోని 300ఏ అధికరణ కింద మాత్రం ఉంది. నీటి పక్కన కట్టవద్దనడం నియంత్రణ. దానికి పరిహారం అడగలేం. అదే పట్టీని వాకింగ్ ట్రాక్ కోసం తీసుకుంటే అది సేకరణ. నోటీసు, విచారణ, న్యాయమైన పరిహారం ఇవన్నీ 300ఏలో భాగమేనని సుప్రీంకోర్టు 2024 మే నెలలో చెప్పింది. మా లెక్కలో, అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటు పూర్తిగా పోతే అనుమతి ఇచ్చినవాళ్లు డబ్బివ్వాలి. అనుమతి లేని లేఅవుట్‌లో చవగ్గా వస్తుందని కొన్నవారికి ప్రజల డబ్బు ఇవ్వనక్కర్లేదు. చేదుగా ఉన్నా అంతే.

అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు హైలాండ్స్ చట్టం తెలిసే ఉంటుంది, అక్కడి కొండ ప్రాంతంలో నీటి వనరులను కాపాడే చట్టం అది. 88 మునిసిపాలిటీలు, 8 లక్షల ఎకరాలకు పైన. గట్టి రక్షణ ఉన్న భాగంలో నీటి అంచు నుంచి 300 అడుగులు వదలాలి. అయితే 2004 ఆగస్టు 10 నాటికే స్థలం ఉన్నవారు సొంతానికి ఒక ఇల్లు కట్టుకోవచ్చని మినహాయింపు పెట్టారు. ఆ తేదీ పెట్టడమే తెలివైన పని: పాతవాళ్లకు దారి ఉంది, కొత్తగా కొనేవాళ్లు తెలిసే కొంటారు. న్యూజెర్సీకి బెడిసికొట్టింది టీడీఆర్, అంటే తన స్థలంలో కట్టుకోలేని హక్కును వేరేచోట కట్టేవాళ్లకు అమ్ముకునే పద్ధతి. హక్కులు అమ్ముకోమన్నారు గానీ అదనపు కట్టడాలను తెచ్చుకునే ఊళ్లు దాదాపు ముందుకు రాలేదు. విశాఖలోనూ టీడీఆర్ బాండు చేతిలో పెట్టేముందు దాన్ని ఏ రోడ్డు మీద, ఎన్ని అంతస్తులకు వాడుకోవచ్చో చెప్పాలి. హైదరాబాద్‌లో 1996 నాటి జీవో 111 జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. రైతుకు బదులు ఏమీ ఇవ్వలేదు. 2022లో ప్రభుత్వమే ఆ ఆంక్షలను తొలగిస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

ఇక కొనబోయేవారికి. లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం) అందరూ చూస్తారు. వాటితోపాటు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌ (పాత రెవెన్యూ భూమి రికార్డు)లో ఆ నంబరుకూ, చుట్టూ ఉన్న నంబర్లకూ గెడ్డ, చెరువు, పోరంబోకు అన్న మాట ఉందేమో చూడండి. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) తీయించండి. లైసెన్సుడు సర్వేయరుతో అలుగు మట్టం నుంచి ప్లాటు దాకా లెవెల్ పట్టించండి. గ్రావెల్ తవ్వించి, అసలు నేల మీదే పట్టించాలి. ఒకసారి అక్టోబరు వానల్లో ఎవరినైనా పంపి చూపించండి. జలవనరుల శాఖ ఎన్‌ఓసీలో "ఎఫ్‌టీఎల్ వెలుపల" అని మాత్రమే ఉంటే తీసుకోవద్దు. ఎన్ని మీటర్లు వెలుపలో అంకెల్లో రాయించుకోండి.